కాండిడా శిలీంధ్రం – పథ్యం, ఇంటివైద్యం, వాటి హద్దులు

పసిబిడ్డ నాలుకపై తెల్లని పూత, స్త్రీలకు దురదతో కూడిన తెల్లబట్ట, గజ్జలలోను రొమ్ముల కింది మడతలలోను ఎర్రని ఒరుపు, ఎప్పుడూ నీళ్ళలో నానే చేతులకు గోరుచుట్టు. చూడటానికి ఇవి వేర్వేరు జబ్బులు. అయితే చాలాసార్లు వీటన్నిటికీ మూలం ఒక్కటే. అది కాండిడా అనే సూక్ష్మ శిలీంధ్రం. ఒంట్లో కాండిడా పెరిగిందని, చక్కెర మానాలని, పులిసినవేవీ ముట్టరాదని, ఫలానా పొడి తాగితే చాలునని చెప్పే సలహాలు ఇప్పుడు సెల్‌ఫోన్ల ద్వారా మారుమూల పల్లెలకు కూడా చేరుతున్నాయి. వాటిలో కొన్ని మేలు చేసేవి, కొన్ని నిరపాయమైనవి, కొన్ని ప్రాణాపాయం తెచ్చేవి. ఏది ఏ కోవకు చెందుతుందో విడమరచి చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

కాండిడా అంటే ఏమిటి?

శిలీంధ్రాలలో ఈస్టు అనే ఏకకణ జీవుల వర్గం ఒకటి ఉంది. కల్లును పులియబెట్టేవి, రొట్టెను పొంగించేవి ఆ వర్గానివే. కాండిడా కూడా ఒక ఈస్టే. జర్మనీ వైద్యుడు లాంగెన్‌బెక్ 1839లో ఒక రోగి నోటిపూతలో ఈ శిలీంధ్రాన్ని గమనించి వర్ణించాడు. 1923లో నెదర్లాండ్స్ శాస్త్రవేత్త క్రిస్టీన్ బెర్క్‌హౌట్ దీనికి కాండిడా అని పేరు పెట్టింది. మనుషులకు ఎక్కువగా బాధ కలిగించే జాతి పేరు కాండిడా అల్బికన్స్. లాటిన్ భాషలో ఈ రెండు మాటలకూ తెలుపు అనే అర్థమే ఉంది.

ఇది బయటినుండి దండెత్తి వచ్చే శత్రువు కాదు. ఆరోగ్యవంతులలో చాలామందికి నోటిలోను, పేగులలోను, చర్మంమీదను ఇది ఎప్పుడూ కొద్దిగా ఉంటుంది. ఏ బాధా లేని స్త్రీలలో సైతం 100 మందిలో 10 నుండి 20 మందికి యోనిలో ఇది కనిపిస్తుంది. మన శరీరంలోని మేలుచేసే బాక్టీరియాలు, రోగనిరోధక శక్తి దీనిని అదుపులో ఉంచుతాయి. అందువలన పరీక్షలో కాండిడా కనిపించినంత మాత్రాన అది జబ్బు కాదు. బాధ ఉంటేనే చికిత్స అవసరం.

అదుపు తప్పడానికి కారణాలు

1. యాంటీబయాటిక్ మందులు: ఇవి చెడ్డ బాక్టీరియాతోపాటు మేలుచేసే బాక్టీరియాను కూడా చంపుతాయి. ఖాళీ అయిన చోటును కాండిడా ఆక్రమిస్తుంది. జలుబుకు, ఒళ్ళునొప్పులకు అడిగి మరీ యాంటీబయాటిక్ మాత్రలు కొనే అలవాటు ఈ విధంగా కూడా కీడు చేస్తుంది.

2. మధుమేహం: రక్తంలో చక్కెర అదుపులో లేనప్పుడు కాండిడాకు ఆహారం సమృద్ధిగా దొరుకుతుంది, రోగనిరోధక శక్తి తగ్గుతుంది. మళ్ళీమళ్ళీ దురద రావడమే కొందరికి మధుమేహపు తొలి గుర్తు. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటి మాత్రలు చక్కెరను మూత్రం ద్వారా బయటకు పంపుతాయి. కనుక వాటిని వాడేవారికి జననాంగాల వద్ద ఈ బాధ రావచ్చు. అలా వస్తే మాత్రలు స్వయంగా మానరాదు, వైద్యునికి తెలపాలి.

3. గర్భధారణ: హార్మోన్ల మార్పు వలన ఆ నెలలలో ఈ బాధ ఎక్కువ.

4. స్టెరాయిడ్ మందులు: మాత్రలు, సూదిమందులు, ఉబ్బసానికి పీల్చే మందులు, దురదకు దుకాణంలో కొని పూసుకునే మిశ్రమపు లేపనాలు ఈ కోవలోనివే.

5. తడి, చెమట, బిగుతు: తడిబట్టలతో పొలం పని, గాలి ఆడని నైలాను లోదుస్తులు, రాత్రంతా మార్చని పసిబిడ్డ గుడ్డలు, తీయకుండా ఉంచుకునే కట్టుడుపళ్ళు.

6. రోగనిరోధక శక్తి తగ్గించే వ్యాధులు, చికిత్సలు: ముఖ్యంగా ఎయిడ్స్‌కు కారణమైన హెచ్.ఐ.వి., కాన్సర్ మందులు. రక్తహీనత ఉన్నవారికి పెదవుల మూలలు పగిలి, అక్కడ కాండిడా చేరడం కూడా కద్దు.

గుర్తించడం ఎలా?

నోటిలో: పెరుగు తరకల వంటి తెల్లని పూత. పాలు తాగిన పసిబిడ్డ నాలుకమీది తెలుపు తడిగుడ్డతో తుడిస్తే తేలికగా పోతుంది. కాండిడా పూత అంత సులభంగా పోదు. గీకితే కింద ఎర్రగా, ఒక్కోసారి నెత్తురు చెమర్చి కనిపిస్తుంది.

స్త్రీలలో: తీవ్రమైన దురద, మంట, విరిగిన పాలవలె గడ్డలుగా ఉండే తెల్లబట్ట. సాధారణంగా దుర్వాసన ఉండదు. చేపల వాసన వచ్చే పల్చని స్రావం, నురుగుతో కూడిన పచ్చని స్రావం వేరే వ్యాధులకు గుర్తులు. వాటి మందులు వేరు.

చర్మంమీద: మడతలలో ఎర్రని, తడిగా ఉండే ఒరుపు, దాని అంచు దాటి చుట్టూ చిన్నచిన్న ఎర్రని పొక్కులు. గుండ్రంగా అంచులు లేచి వ్యాపించే తామర దీనికి భిన్నమైనది.

స్వయంగా గుర్తించడంలో పొరపాట్లు చాలా జరుగుతాయి. అమెరికాలో ఇది కాండిడాయే అనుకొని తామే మందు కొనుక్కున్న 95 మంది స్త్రీలను పరీక్షించగా, వారిలో మూడింట ఒక వంతు మందికి మాత్రమే కేవలం కాండిడా ఉన్నట్లు 2002లో ప్రకటించారు. కనుక మొదటిసారి వచ్చినప్పుడు ఒక్కసారైనా వైద్యునికి చూపడం మంచిది.

"ఒళ్ళంతా కాండిడా" అనే వాదం

నీరసం, తలనొప్పి, కడుపుబ్బరం, మతిమరపు, దిగులు వంటి వాటన్నిటికీ పేగులలో పెరిగిన కాండిడాయే కారణమనే వాదం అమెరికాలో 1980ల ఆరంభంలో బలపడింది. విలియం క్రూక్ అనే వైద్యుడు 1983లో ప్రచురించిన పుస్తకం దీనిని ఇంటింటికీ చేర్చింది. చక్కెర, ఈస్టు, పులిసిన పదార్థాలు పూర్తిగా మానాలనే "కాండిడా పథ్యం" అక్కడినుండి వచ్చినదే.

ఈ వాదాన్ని వైద్యలోకం పరీక్షించకుండా తోసివేయలేదు. 1990లో అలబామా విశ్వవిద్యాలయ వైద్యులు ఈ లక్షణాలున్న 42 మంది స్త్రీలకు కొంతకాలం నిస్టాటిన్ అనే శిలీంధ్రనాశక మందును, కొంతకాలం మందు లేని ఉత్తుత్తి మాత్రను ఇచ్చి చూశారు. ఎవరికి ఏది ఎప్పుడు ఇస్తున్నారో ఇచ్చేవారికీ తెలియదు, పుచ్చుకునేవారికీ తెలియదు. మందు యోని సంబంధమైన బాధను తగ్గించింది. నీరసం, దిగులు వంటి ఇతర బాధల విషయంలో మాత్రం ఉత్తుత్తి మాత్రకంటె మెరుగైన ఫలితం ఇవ్వలేదు.

దీనివలన మనం గ్రహించవలసింది ఒకటున్నది. నీరసంగా ఉన్న ఇల్లాలి బాధ అబద్ధం కాదు, కాని దాని కారణం కాండిడా కాకపోవచ్చు. రక్తహీనత, థైరాయిడ్ లోపం, మధుమేహం, క్షయ ఇవన్నీ నీరసం కలిగిస్తాయి. కాండిడా పేరుతో నెలల తరబడి పథ్యం చేస్తూ ఉంటే అసలు జబ్బు లోలోపల ముదురుతుంది. ఉదయాన్నే గ్లాసు నీళ్ళలో ఉమ్మి, అది కిందికి దిగితే కాండిడా ఉన్నట్లని చెప్పే పరీక్షకు కూడా శాస్త్రీయమైన ఆధారం లేదు.

ఆహారం: మానవలసినవి, మానకూడనివి

చక్కెర, బెల్లం: 1999లో వెలువడిన ఒక పరిశోధనలో 28 మంది ఆరోగ్యవంతులకు చక్కెర పదార్థాలు ఎక్కువగా ఇచ్చి చూడగా, వారి పేగులలో కాండిడా చెప్పుకోదగినంతగా పెరగలేదు. అంటే ఆరోగ్యవంతుడు పండుగనాడు ఒక బొబ్బట్టు తిన్నంత మాత్రాన కాండిడా విజృంభించదు. మధుమేహం ఉన్నవారి సంగతి వేరు. వారికి చక్కెర అదుపే మొదటి చికిత్స. బెల్లం కూడా చక్కెరే అని మరువరాదు. అందరికీ వర్తించే కొలత ఒకటుంది. అదనంగా కలిపే తీపి రోజుకు 25 గ్రాముల లోపు, అనగా సుమారు ఆరు చెంచాల లోపు ఉంటే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించింది. రోజుకు నాలుగుసార్లు రెండేసి చెంచాలు వేసుకొని తేనీరు తాగేవారు ఆ హద్దును ఎప్పుడో దాటి ఉంటారు.

పులిసిన ఆహారం: ఇడ్లీ, దోసె, అంబలి, చద్దన్నం, ఒడిశా ప్రాంతపు పఖాళ వీటిని మానమనడం మన వంటిళ్ళకు పొసగని సలహా. ఇడ్లీ పిండి పులియడానికి ముఖ్యకారణం లాక్టిక్ ఆమ్లాన్ని తయారుచేసే బాక్టీరియా. వాటికీ జబ్బు కలిగించే కాండిడాకూ సంబంధం లేదు. పైగా ఇడ్లీని ఆవిరిమీద ఉడికించే తింటాము. వీటిని మాన్పిస్తే బాలింతలు, ఎదిగే ఆడపిల్లలు బలహీనపడటం తప్ప ప్రయోజనం లేదు. కల్లు, సారా మాత్రం వేరే కారణాలవలన మానదగినవే.

పెరుగు, మజ్జిగ: 1992లో ప్రకటించిన ఒక చిన్న పరిశోధనలో, ప్రత్యేకమైన బాక్టీరియా ఉన్న పెరుగును ఆరు నెలలు రోజూ తిన్న స్త్రీలకు ఈ బాధ తగ్గింది. అయితే 2004లో ఆస్ట్రేలియాలో చేసిన పెద్ద పరిశోధనలో, యాంటీబయాటిక్ వాడే స్త్రీలకు అటువంటి బాక్టీరియాను ఇచ్చినా కాండిడా ఆగలేదు. మన ఇంటి తోడుపెరుగులోని బాక్టీరియా ఇంటింటికీ మారుతుంది. కనుక పెరుగును మంచి ఆహారంగా రోజూ తినవచ్చు, మందుగా నమ్ముకొని కూర్చోరాదు.

తినవలసినవి: రాగులు, జొన్నలు, కందిపప్పు, పెసలు, ఆకుకూరలు, గుడ్డు, దొరికిన కాయగూరలు, ఋతువునుబట్టి పండ్లు. ఇనుము లోపం ఉన్నవారు అంగన్‌వాడీలో, ఆరోగ్య ఉపకేంద్రంలో ఇచ్చే ఇనుము మాత్రలు తప్పక వాడాలి. రోగనిరోధక శక్తిని నిలిపే పథ్యమంటే ఇదే.

ఇంటివైద్యం: ఒక్కొక్కటిగా

ఉప్పునీరు: గ్లాసు గోరువెచ్చని నీటిలో అరచెంచా ఉప్పు కలిపి పుక్కిలించడం నోటి మంటకు హాయినిస్తుంది. పుక్కిలించి ఉమ్మగల వయసు వారికే ఇది తగును.

కొబ్బరినూనె: ప్రయోగశాలలో ఇది కాండిడాను అడ్డుకొన్నట్లు తేలింది. ప్రయోగశాల గాజుపాత్రలో జరిగినది ఒంటిమీద అలాగే జరుగుతుందని చెప్పలేము. ఒరుసుకున్న చర్మంపై పైపూతగా హాని లేదు. కాని నూనె తగిలితే నిరోధ్ వంటి రబ్బరు తొడుగులు బలహీనపడతాయని గుర్తుంచుకోవాలి.

వెల్లుల్లి: తినడం మంచిదే. అయితే వెల్లుల్లి మాత్రలు యోనిలోని కాండిడాను తగ్గించలేదని 2014లో ఒక పరిశోధన తేల్చింది. పచ్చి వెల్లుల్లి నూరి లోపల పెట్టడం, చర్మంపై కట్టడం వలన పుండ్లు పడతాయి.

వేపాకు, పసుపు, పటిక నీళ్ళు: చర్మంపై పలుచగా వాడితే చాలామందికి హాని ఉండదు. యోని లోపల కడగడానికి మాత్రం వీటిని గాని, యాంటిసెప్టిక్ ద్రావకాలను గాని, నిమ్మరసాన్ని గాని వాడరాదు. లోపలి భాగం తనంతట తానే శుభ్రపడుతుంది. అక్కడి సహజమైన ఆమ్లతను, మేలుచేసే బాక్టీరియాను కడిగివేస్తే బాధ హెచ్చుతుంది. వెలుపల మామూలు నీటితో కడిగి పొడిగా తుడుచుకుంటే చాలు.

తేనె, వెలిగారం: పసిబిడ్డ నోటిపూతకు తేనెలో వెలిగారం కలిపి నాలుకకు రాయడం మన పల్లెలలో ఇంకా కనిపించే అలవాటు. దీనిని పూర్తిగా మానాలి. పాలపీకను తేనె, వెలిగారం మిశ్రమంలో ముంచి కొన్ని వారాలు చీకించిన ఏడుగురు శిశువులకు మూర్ఛలు వచ్చిన వైనం 1983లో ఇంగ్లండు వైద్యపత్రికలో ప్రచురితమైంది. ఆ మందు ఆపిన తరువాత మూర్ఛలు ఆగాయి. ఏడాది నిండని బిడ్డకు ఒట్టి తేనె సైతం పెట్టరాదు. అందులో ఉండగల కొన్ని బాక్టీరియా బీజాలు బిడ్డ పేగులలో మొలకెత్తి, కండరాలను చచ్చుబరిచే విషాన్ని పుట్టించవచ్చు.

పసిబిడ్డ విషయంలో చేయదగినది: ఉగ్గుగిన్నె, పాలపీక మరిగే నీటిలో శుభ్రపరచడం, తల్లి చన్నులను పొడిగా ఉంచుకోవడం, తల్లిపాలు మానకుండా ఇవ్వడం, బిడ్డను వైద్యునికి చూపడం. తల్లి చనుమొనల వద్ద మంట, ఎరుపు ఉంటే ఇద్దరికీ ఒకేసారి చికిత్స చేయాలి.

తడి, చెమటల నివారణ: ఖర్చులేని మందు ఇదే. నూలు లోదుస్తులు వాడి, ఉతికి ఎండలో ఆరవేయాలి. సిగ్గుచేత లోదుస్తులను మరో బట్ట చాటున, నీడన ఆరవేసే అలవాటు వలన అవి తడి ఆరక కీడు చేస్తాయి. కట్టుడుపళ్ళను రాత్రి తీసి, శుభ్రం చేసి ఉంచాలి. ఉబ్బసపు మందు పీల్చిన వెంటనే నోరు పుక్కిలించాలి.

వైద్యుడు ఇచ్చే మందులు

1950లో అమెరికాలో ఎలిజబెత్ హేజెన్, రేచల్ బ్రౌన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు నిస్టాటిన్‌ను వెలికితీశారు. తాము పనిచేసిన న్యూయార్క్ రాష్ట్రం పేరు కలిసేటట్లు దానికి ఆ పేరు పెట్టారు. నోటిపూతకు ఇప్పటికీ దానిని వాడుతున్నారు. చర్మానికి, నోటికి, యోనికి క్లోట్రిమజోల్ లేపనం, ద్రావకం, బిళ్ళల రూపంలో దొరుకుతుంది. సాధారణమైన తెల్లబట్ట దురదకు ఫ్లూకోనజోల్ 150 మిల్లీగ్రాముల మాత్ర ఒక్కటి సరిపోవచ్చు. గర్భిణులకు నోటిద్వారా ఫ్లూకోనజోల్ తగదు. వారికి లోపల ఉంచే క్లోట్రిమజోల్ బిళ్ళలను ఏడు రోజులు ఇస్తారు. ఫ్లూకోనజోల్ కొన్ని మధుమేహ మాత్రల, రక్తం పలుచబరిచే మాత్రల ప్రభావాన్ని పెంచుతుంది. కనుక వాడుతున్న మందులన్నీ వైద్యునికి చెప్పాలి. దురద తగ్గిందని నడిమధ్యలో మందు ఆపరాదు.

స్టెరాయిడ్ కలిసిన లేపనాలు దురదను ఒక్కరోజులో తగ్గించి శిలీంధ్రాన్ని లోలోపల పెంచుతాయి. దుకాణదారుడు ఇచ్చాడు కదా అని వాటిని పూయరాదు.

ఎప్పుడు ఆలస్యం చేయరాదు?

- ఏడాదిలో మూడుసార్లు, అంతకుమించి తెల్లబట్ట దురద వచ్చినప్పుడు. ఇటువంటివారు రక్తంలో చక్కెర పరీక్ష తప్పక చేయించుకోవాలి. పరగడుపున 126 మిల్లీగ్రాములు, అంతకుమించి ఉండి, మరల చేసిన పరీక్షలోను అలాగే వస్తే మధుమేహంగా భావిస్తారు.
- కట్టుడుపళ్ళు, స్టెరాయిడ్లు, మధుమేహం ఏవీ లేని పెద్దవారికి నోటిలో తెల్లపూత వచ్చినప్పుడు. హెచ్.ఐ.వి. పరీక్ష ప్రభుత్వ కేంద్రాలలో ఉచితం, ఫలితాన్ని గోప్యంగా ఉంచుతారు.
- మింగేటప్పుడు నొప్పి ఉన్నప్పుడు. పూత అన్నవాహికకు దిగి ఉండవచ్చు.
- జ్వరం, పొత్తికడుపు నొప్పి, దుర్వాసన, నెత్తురు కలిసిన స్రావం ఉన్నప్పుడు.
- నెలసరి ఆగిపోయిన వయసులో కొత్తగా స్రావం మొదలైనప్పుడు.
- బిడ్డ పాలు తాగడం మానినప్పుడు.

సరిహద్దు కుటుంబాలకు ఒక మాట

మన కుటుంబాలలో చాలామందికి ఇంటి భాష తెలుగు, ఆసుపత్రి భాష వేరు. తెల్లబట్ట గురించి పరాయి భాషలో చెప్పలేక, బడికి వెళ్ళే కొడుకును దుభాషిగా తీసుకువెళ్ళి, వాడి ముందు అసలు బాధ దాచి, కడుపునొప్పి అని మాత్రమే చెప్పి తిరిగివచ్చే తల్లులున్నారు. చెప్పిన జబ్బుకే మందు దొరుకుతుంది గాని దాచిన జబ్బుకు దొరకదు. ఈ కింది మాటలను ఒక కాగితంపై వ్రాసి దగ్గర ఉంచుకుంటే దుభాషి అవసరం కొంత తగ్గుతుంది.

తెల్లబట్ట: కన్నడంలో బిళి సెరగు, తమిళంలో వెళ్ళైప్పడుదల్, ఒడియాలో శ్వేతప్రదర, మరాఠీలో అంగావరూన్ పాంఢరే జాణే.

శిలీంధ్రం: కన్నడంలో శిలీంధ్ర, తమిళంలో పూంజై, ఒడియాలో కవక, మరాఠీలో బురశీ.

చక్కెర వ్యాధి: కన్నడంలో సక్కరె కాయిలె, తమిళంలో సర్క్కరై నోయ్, ఒడియాలోను మరాఠీలోను మధుమేహ.

గర్భిణి: కన్నడంలో గర్భిణి, తమిళంలో కర్ప్పిణి, ఒడియాలో గర్భవతి, మరాఠీలో గరోదర్.

యానాంలో తెలుగే వ్యవహార భాష గనుక అక్కడివారికి ఈ చిక్కు లేదు. మిగిలిన చోట్ల ఆశా కార్యకర్తను గాని, ఇంటిలోని పెద్ద స్త్రీని గాని వెంట తీసుకువెళ్ళడం మేలు. రాష్ట్రం దాటి వేరే ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు పాత చీటీ, వాడిన మాత్రల అట్ట తప్పక తీసుకువెళ్ళాలి. మందు పేరు ఏ రాష్ట్రంలోనైనా ఒక్కటే.

తెల్లబట్ట దురద అపరిశుభ్రతకు గాని, తప్పునడతకు గాని గుర్తు కాదు. పెళ్ళికాని అమ్మాయికీ రావచ్చు, ముసలమ్మకూ రావచ్చు. ఇంటిలోని ఆడవారు ఈ మాటను భయం లేకుండా చెప్పుకోగలిగితే ఆ ఇంటిలో వైద్యం సగం జరిగినట్లే. మిగిలిన సగానికి సమతులమైన తిండి, పొడిబట్ట, చక్కెర పరీక్ష, సరైన మందు ఉన్నాయి.